జాబితాలో లేని పేరు

నజ్మీ బే ఇంటికి రెబెక్కాను పంపేటప్పుడు నర్సింగ్ సూపర్‌వైజర్ పెద్దగా ఏమీ చెప్పలేదు. ముసలాయన, పార్కిన్సన్స్ జబ్బు, మనిషి మంచివాడు, గొడవ పెట్టడు. అంతే. 'బే' అంటే వాళ్లలో 'గారు' లాంటిదని రెబెక్కాకు ఆ ఇంటికి వెళ్లాకే తెలిసింది.

అది 2003 సెప్టెంబర్. రెబెక్కాకు ముప్పై నాలుగేళ్లు. నరసాపురం దగ్గరి పల్లె. నాన్న ఓబదయ్య మిషన్ స్కూల్లో టీచరుగా చేసి రిటైరయ్యాడు. భర్త థామస్ దమ్మామ్‌లో ఒక కంపెనీ గోడౌన్లో స్టోర్స్ చూసేవాడు. ఇద్దరూ సౌదీలోనే ఉన్నా మధ్యలో ఎడారి మొత్తం ఉంది. ఆరు నెలలకొకసారి కలిసేవాళ్లు. జెద్దాలో ఆమె హాస్పిటల్ హాస్టల్లో ఉండేది. హోమ్ కేర్ డ్యూటీ పడితే పొద్దున్నే హాస్పిటల్ వ్యాన్ ఎక్కి వెళ్లి, నాలుగింటికి అదే వ్యాన్లో తిరిగి వచ్చేది.

నజ్మీ బేకి ఎనభై నాలుగు దాటాయి. తుర్కీ మనిషి. యాభై ఏళ్ల కింద బీరూట్ మీదుగా జెద్దా చేరి, ఓడల ఏజెన్సీలో ఉత్తరప్రత్యుత్తరాలు చూసి, ఇక్కడే ముసలివాడయ్యాడు. భార్య పోయింది. కూతురు నెర్మిన్ అమ్మాయిల స్కూల్లో ఇంగ్లిష్ చెప్పేది. జబ్బు ఆయన చేతుల్నీ గొంతునూ పట్టేసింది. మాట గుసగుసగా మాత్రమే వచ్చేది. నోటి దగ్గర చెవి పెడితే తప్ప వినపడదు. రెబెక్కాకు పదిరోజుల్లో ఆ గుసగుస అలవాటైపోయింది. కూతురికంటే ముందే అర్థం చేసుకునేది.

ఒకరోజు ఆయన ఆమె రాసే బీపీ చార్టును దగ్గరికి తీసుకుని చాలాసేపు చూశాడు.

"నీ అక్షరం బాగుంది అమ్మాయీ. ఎవరు నేర్పారు?"

"మా నాన్న, బాబా. అక్షరం వంకరపోతే స్కేలుతో వేళ్ల మీద కొట్టేవారు."

"నా చెయ్యి ఇక నా మాట వినదు. నేను చెబితే నువ్వు రాస్తావా? రోజుకి ఒక గంట."

మాత్రలకీ మాత్రలకీ మధ్య ఖాళీయే కదా అని రెబెక్కా సరేనంది. మర్నాడు నెర్మిన్ గట్టి అట్ట నోటుబుక్కు ఒకటి తెచ్చి ఇచ్చింది. ఆయన ఇంగ్లిష్‌లో చెప్పేవాడు, రెబెక్కా రాసేది, వారాంతంలో నెర్మిన్ దాన్ని తుర్కీలోకి మార్చి టైపు చేసేది. మొదట్లో అదంతా రెబెక్కాకు చరిత్ర పాఠం నోట్సు రాసుకున్నట్టే ఉండేది. ఎవరో, ఎప్పుడో, ఎక్కడో.

చెప్పింది ఇది. 1941లో నజ్మీ అంకారాలో ఒక ప్రభుత్వ ఆఫీసులో చిన్న ఉద్యోగి. పత్రికల వ్యవహారాలు చూడడం ఆ ఆఫీసు పని. ప్రపంచమంతా యుద్ధం. తుర్కీ మాత్రం ఎటూ చేరకుండా మధ్యలో నిలబడింది. కాగితం దొరకదు. ఏ పత్రికకు ఎన్ని రీములు ఇవ్వాలో ఆ ఆఫీసే తేల్చేది. ఆ ఫైలు నజ్మీ బల్ల మీద ఉండేది.

ఆ రోజుల్లోనే అతనితో ఒకే గదిలో అద్దెకుండే సుఆత్ అనే స్నేహితుడు, ఇంకొందరు కుర్రాళ్లు కలిసి ఒక పత్రిక పెట్టారు. తుర్కులంతా ఒక్క జాతి, ఒక్క రక్తం, రష్యా కింద ఉన్న తుర్కులను కలుపుకుని చైనా సరిహద్దుదాకా ఒక్క దేశం కావాలి. ఇదీ వాళ్ల మాట. జర్మన్లు రష్యాలోకి చొచ్చుకుపోతున్న కాలం. రష్యా కూలిపోతే మనకేం దక్కుతుందా అని పెద్దపెద్ద కుర్చీల్లో ఉన్నవాళ్లు కూడా లోలోపల అనుకునేవారట. నజ్మీ పై అధికారి అతన్ని పిలిచి చెప్పాడు. "ఆ కుర్రాళ్ల పత్రికకు కాగితం ఆపకు. అడిగినదానికంటే కాస్త ఎక్కువే ఇవ్వు. మనమిచ్చామని ఎక్కడా రాయకు."

"మీకు వాళ్ల రాతలు నచ్చేవా బాబా?" రెబెక్కా అడిగింది.

"నాకు ఇరవై రెండేళ్లు. నచ్చడం, నచ్చకపోవడం కాదు. పైవాళ్ల ముఖం చూసి నా ముఖం పెట్టుకునేవాణ్ని."

స్టాలిన్‌గ్రాడ్ దగ్గర జర్మన్లు ఓడిపోయారు. ఆ వారమే అధికారి మళ్లీ పిలిచాడు. ఈసారి, "వాళ్ల కాగితం కాస్త ఆలస్యం చెయ్యి. కారణం అడిగితే రైలు రాలేదని చెప్పు" అన్నాడు. తర్వాత ఏడాది రష్యా గెలుస్తూ పడమటికి వస్తున్నకొద్దీ ఆలస్యం కాస్తా కోత అయింది. 1944 మే నెలలో ఆ కుర్రాళ్లు అంకారా వీధుల్లో ఊరేగింపు తీశారు. ప్రభుత్వం ఒక్కసారిగా తిరగబడింది. అరెస్టులు మొదలయ్యాయి. దేశాధ్యక్షుడు స్టేడియంలో నిలబడి, జాతి పేరుతో రక్తం లెక్కలు చూసేవాళ్లు దేశానికి శత్రువులని ప్రసంగించాడు.

"నేను ఆ ప్రసంగం విన్నాను. చప్పట్లు కొట్టాను. అంతకు రెండు వారాల ముందు వాళ్ల జాబితా నేనే టైపు చేసి ఇచ్చాను." ఇది చెప్పి ఆయన కళ్లు మూసుకున్నాడు. ఆ రోజుకు అంతే.

రెబెక్కా పెన్ను మూత పెట్టి, రెండింటి మాత్ర ఇచ్చింది.

ఆ జాబితాలో పధ్నాలుగు పేర్లున్నాయని తర్వాతి రోజుల్లో కొద్దికొద్దిగా చెప్పాడు. ఏడో పేరు సుఆత్‌ది. సుఆత్ మారుపేరుతో రాసేవాడు. ఆ మారుపేరు వెనక ఉన్నదెవరో ఆఫీసు మొత్తానికి నజ్మీ ఒక్కడికే తెలుసు. అతను చెప్పకపోయి ఉంటే సుఆత్ బయటే ఉండేవాడు. చెప్పాడు. సుఆత్ పదిహేడు నెలలు లోపలున్నాడు. అందులో కొన్ని రోజులు కూర్చోవడానికి కూడా చోటులేని గూట్లో నిలబెట్టారట. ఈలోగా యుద్ధం అయిపోయింది. రష్యా తుర్కీ భూమి మీద, సముద్రపు దారి మీద కన్నేసింది. రష్యాను తిట్టేవాళ్లు మళ్లీ పనికొచ్చారు. పై కోర్టు శిక్షలు కొట్టేసింది. అధికారి నజ్మీని మూడోసారి పిలిచాడు. "ఆ కుర్రాళ్లు మళ్లీ పత్రిక పెడితే కాగితం చూడు."

"అప్పుడు రాజీనామా రాశాను. మొదటిసారి పిలిచినప్పుడు రాయలేదు, రెండోసారీ రాయలేదు. మూడోసారి రాశాను. ధైర్యం వచ్చి కాదు. నవ్వొచ్చి."

ఈ మొత్తంలో ఒకచోట, నవంబర్‌లో ఒక మధ్యాహ్నం, ఆయన మాటల్లో మాటగా ఒక సంగతి చెప్పాడు. 1942 చలికాలంలో సుఆత్ పత్రిక, ప్రభుత్వ ఆఫీసుల్లో చేరిన 'పరాయి రక్తం' గురించి వరుసగా రాసింది. అందులో నజ్మీ ఆఫీసు టైపిస్టు పెరిహాన్ పేరు కూడా వేసింది. వాళ్ల కుటుంబం సలోనికా నుంచి వచ్చింది. ముత్తాతల ముత్తాతలు యూదులు, మూడు వందల ఏళ్ల కింద ముస్లింలయ్యారు. పేరు తుర్కు పేరే, నమాజు తుర్కు నమాజే. అయినా పత్రిక, 'ఈమె ఎవరో ఈమె తాత తాతను అడగండి' అని రాసింది. పెరిహాన్ మూడో రోజు నుంచి ఆఫీసుకు రాలేదు. "తర్వాత ఒక మగ టైపిస్టు వచ్చాడు. టైపు చాలా నెమ్మది. సరే, రాయి. 1943 ఫిబ్రవరి..."

రెబెక్కా రాయడం ఆపింది.

"ఆమెకు ఎన్నేళ్లు బాబా?"

"ఎవరికి?"

"పెరిహాన్‌కి."

"ఇరవై రెండు, ఇరవై మూడు. ఎందుకు? అది ఈ కథలో ముఖ్యమైంది కాదు."

"ఏం చెయ్యలేదా మీ ఆఫీసు?"

"మా అధికారి అన్నాడు, ఇప్పుడు గాలి వాళ్ల వైపుంది, అమ్మాయి కొన్నాళ్లు ఇంట్లో ఉండనీ అని. రాయి. 1943 ఫిబ్రవరి."

ఆమె రాసింది. కానీ ఆ రోజు వ్యాన్ ఎక్కినప్పుడు ముఖం మామూలుగా లేదు. డ్రైవర్ మహబూబ్‌ది నల్లగొండ వైపు. పన్నెండేళ్లుగా జెద్దాలో బండి తోలుతున్నా మాట మాత్రం అక్కడిదే.

"ఏమైంది సిస్టర్, గట్ల గమ్మున కూసున్నవ్? ముసలాయనకేమన్న అయ్యిందా?"

"ఏంలేదు మహబూబ్ భాయ్. ఏదో పాత సంగతి గుర్తొచ్చింది."

సిగ్నల్ దగ్గర బండి ఆగినప్పుడు తనే మళ్లీ చెప్పింది. "నేను టౌన్ హైస్కూల్లో చేరినప్పుడండీ, హెడ్మాస్టరు అప్లికేషను చూసి, తండ్రి పేరు ఓబదయ్య, సరే, తాత పేరేంటి అన్నారు. ఏసుదాసు అన్నాను. కాదు, అంతకుముందు ఆయన పేరేంటి, మతంలో కలవకముందు అన్నారు. నాకు తెలియదన్నాను. తెలుసుకుని రా అని గుమ్మం బయట నిలబెట్టారు. ఆ రోజు క్లాసులో కూర్చోలేదు."

"మరి తెలుసుకున్నవా?"

"నాన్ననడిగితే ఆయన కూడా చెప్పలేదు. స్కూలుకొచ్చి సంతకం పెట్టి వెళ్లారంతే."

"మా ఊర్ల గూడ గిదే కథ సిస్టర్. నాలుగు తరాలైనా ఏం తురకోడివిరా నువ్వు, మొన్నటిదాంక మీరేందిరా అని అడుగుతరు," అని మహబూబ్ గేరు మార్చాడు.

జనవరిలో అంకారా నుంచి ఉత్తరం వచ్చింది. సుఆత్ బతికే ఉన్నాడు. తనకు ఎనభై మూడని, కోడలితో మక్కాకు ఉమ్రా యాత్రకు వస్తున్నానని, నజ్మీ జెద్దాలో ఉన్నాడని ఎవరి ద్వారానో తెలిసిందని, యాభై తొమ్మిదేళ్లయింది చూసి, ఒకసారి కలుస్తానని రాశాడు. ఉత్తరం విన్న రోజు నజ్మీ బే అన్నం ముట్టలేదు. చేతుల వణుకు రెండింతలైంది. డాక్టరు మాత్ర పెంచాడు.

"చెప్పేస్తాను. పోయేలోపు చెప్పాలి. కానీ నా గొంతు ఇలా ఉంది. అతనికి చెవులు వినపడవని రాశాడు. ఎలా చెబుతాను?" అన్నాడు రెబెక్కాతో.

"కాగితం మీద రాసి ఇవ్వండి బాబా. చదువుకుంటారు."

ఆ కాగితం రాయడానికి మూడు వారాలు పట్టింది. రాయించడం, కొట్టేయించడం, మళ్లీ రాయించడం. ఆ రోజుల్లో ఒక సాయంత్రం టీవీలో ఎవరో గడ్డం మతబోధకుడు కూర్చుని, తను ఇదివరకు కుర్రాళ్లకు చెప్పిందంతా తప్పని, వెనక్కి తీసుకుంటున్నానని నేల చూపులు చూస్తూ చెబుతున్నాడు. నజ్మీ బే గుసగుసగా, "ఈయనకు మైకు ఇచ్చిందెవరో, ఇప్పుడు కుర్చీ వేసి కూర్చోబెట్టిందెవరో కూడా అడగాలి" అన్నాడు. ఇక్కడ అలాంటి మాటలు వద్దంటూ నెర్మిన్ గబగబా లేచి కిటికీ మూసి, టీవీ కట్టేసింది.

నెర్మిన్ ఆ కాగితాన్ని తుర్కీలో పెద్ద అక్షరాలతో టైపు చేసింది. నోటుబుక్కు టైపులో బాగా వెనకబడి ఉండడంతో జాబితా సంగతి ఆమెకు అప్పుడే మొదటిసారి తెలిసింది. టైపు చేసి, రెండు పేజీలూ మడిచి కవర్లో పెట్టి, వంటింట్లోకి వెళ్లింది. ఆమె కప్పులు కడిగే చప్పుడు చాలాసేపు వినిపించింది.

మార్చిలో సుఆత్ వచ్చాడు. చేతికర్ర పట్టుకున్న సన్నని పొడుగాటి మనిషి. గుండు ఎండకు ఎర్రబడి ఉంది. కోడలు ఆయన్ను సోఫాలో కూర్చోబెట్టి, రెండు గంటల్లో వస్తానని బజారుకు వెళ్లింది. ఇద్దరు ముసలివాళ్లూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కూర్చున్నారు. నజ్మీ బే చెయ్యి వణుకుతుంటే సుఆత్ చెయ్యి కూడా దానితోపాటే కదిలింది. నెర్మిన్ టీ గ్లాసులు పెట్టింది. నజ్మీ బే పట్టుబట్టి రెబెక్కాను పక్కనే నోటుబుక్కుతో కూర్చోబెట్టాడు. నెర్మిన్ ప్రతి మాటా ఆమెకు ఇంగ్లిష్‌లో చెప్పాలి, ఆమె రాయాలి. అదీ ఆయన ఏర్పాటు.

సుఆత్ కళ్లద్దాలు పెట్టుకుని రెండు పేజీలూ చదివాడు. మళ్లీ మొదటి పేజీ చదివాడు. కాగితం బల్ల మీద పెట్టాడు. వినపడని మనుషులు మాట్లాడినట్టు గట్టిగా మాట్లాడాడు.

"ఇదా నువ్వు నాకు చెప్పాలనుకున్నది? ఆ మారుపేరు మనిద్దరికి తప్ప ఎవరికి తెలుసు? లోపల వేసిన మొదటి రోజే నాకు అర్థమైంది. నువ్వు చెప్పకపోతే నిన్ను కూడా మా పక్కన వేసేవాళ్లు. దానికి కోపం పదిహేను ఏళ్లు ఉంది. తర్వాత పోయింది."

నజ్మీ బే పెదవులు కదిలాయి. నెర్మిన్ వంగి విని, సుఆత్ చెవి దగ్గర గట్టిగా చెప్పింది. "క్షమించావా అని అడుగుతున్నారు."

"జాబితాకైతే క్షమించాను. ఇంకొకటుంది. అది కాగితంలో రాయలేదు నువ్వు." సుఆత్ చేతికర్రతో నేలను ఒకసారి తట్టాడు. "కాగితం. మాది నాలుగు పేజీల పత్రిక. రెండు వందల మంది చదివేవాళ్లు, అందులో సగం మా క్లాసువాళ్లు. ఇంకో ఆరు నెలల్లో మూతపడేది. నేను బడిపంతులునయ్యేవాణ్ని. నువ్వు రీములు రీములు పంపావు. ఐదు వేల కాపీలు. ఊళ్లలో జనం నన్ను గుర్తుపట్టారు. ప్రభుత్వమే మన వెనక ఉందనుకున్నాం. ఇరవై ఏళ్లవాడికి అంతకంటే సారా ఏముంది? తాగించింది మీరు, తాగాడని కొట్టింది మీరు."

"నాకు పైనుంచి చెప్పారు" అన్నాడు నజ్మీ బే. నెర్మిన్ గట్టిగా చెప్పింది.

"నాకు తెలుసు. నీకు ఎప్పుడూ పైనుంచే చెప్పేవాళ్లు."

ఇద్దరూ ఆ తర్వాత అరగంట పాటు ఎవరిది ఎక్కువ తప్పో తేల్చుకుంటూ కూర్చున్నారు. ఎవరు ఏ నెలలో ఏమన్నారు, ఊరేగింపు రోజు ఎవరు ఎక్కడున్నారు, జైలుకు నజ్మీ ఎందుకు రాలేదు. మధ్యమధ్యలో నవ్వుకున్నారు కూడా. సుఆత్ ఒకసారి కళ్లు తుడుచుకున్నాడు. నెర్మిన్ చెబుతోంది, రెబెక్కా రాస్తోంది. రాస్తూ రాస్తూ నాలుగో పేజీ దగ్గర ఆమె పెన్ను పక్కన పెట్టింది. నర్సుగా వచ్చిన ఇంట్లో నోరెత్తడం పద్ధతి కాదని ఆమెకు తెలుసు. పదేళ్ల సర్వీసులో ఎప్పుడూ ఎత్తలేదు.

"మేడమ్, ఒక మాట అడగవచ్చా ఆయన్ని?"

నెర్మిన్ తలూపింది.

"పెరిహాన్ ఏమయ్యారు?"

నెర్మిన్‌కు అర్థం కాలేదు. ఆ పేజీలు ఆమె ఇంకా టైపు చెయ్యలేదు. "పెరిహాన్ ఎవరు?" అంది. రెబెక్కా చెప్పింది. టైపిస్టు. సలోనికా కుటుంబం. పత్రికలో పేరు వేశారు. నెర్మిన్ దాన్ని తుర్కీలోకి మార్చకముందే, ఆ పేరు సుఆత్‌కు ఎలా వినపడిందో గానీ వినపడింది. ఆయన రెబెక్కా వైపు మొదటిసారి చూశాడు.

"ఈమెకెలా తెలుసు ఆ పేరు?"

"నాన్న చెప్పి రాయించారట" అంది నెర్మిన్. "ఆ వ్యాసం మీరు రాశారా?"

"రాశాను." సుఆత్ గొంతు కాస్త తగ్గింది. "అలాంటివి పది, పన్నెండు రాశాను. ఆ రోజుల్లో అదే రాసేవాళ్లం."

"ఆమె తర్వాత ఏమయ్యారు?"

"నాకేం తెలుసు? నేను ఆమెను చూడలేదు కూడా."

నెర్మిన్ అది ఇంగ్లిష్‌లో చెప్పింది. రెబెక్కా ఇంకొకటి అడిగింది. "చూడకుండా ఆమె తాత తాత సంగతి ఎలా తెలిసిందండీ మీకు?"

సుఆత్ చేతికర్ర కొసను మెల్లగా నజ్మీ బే వైపు తిప్పాడు.

"ఇతను చెప్పాడు. ఇద్దరం గదిలో సూపు తాగుతున్నాం. మా ఆఫీసులో ఒకతె ఉంది, ఫైల్లో ఊరు సలోనికా అని ఉంది, వాళ్ల జాతి నీకు తెలుసుగా అన్నాడు. నేను రాసుకున్నాను."

నజ్మీ బే ఏదో అన్నాడు. నెర్మిన్ వంగింది. వంగి, నిటారుగా కూర్చుంది కానీ చెప్పలేదు. రెబెక్కాకు ఆ పెదవుల కదలిక అలవాటే. కానీ మాట తుర్కీది. "ఏమన్నారు మేడమ్?" అంది.

"ఊరికే అన్నాను అంటున్నారు."

బజారు నుంచి సుఆత్ కోడలు వచ్చింది. వెళ్లేటప్పుడు సుఆత్ వంగి నజ్మీ బే నుదుటిమీద ముద్దుపెట్టుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి నెర్మిన్‌తో అన్నాడు. "ఆ పిల్లది అడగవలసిందే అడిగింది. కానీ నన్ను ఇప్పుడు అడిగి ఏం లాభం?" నెర్మిన్ ఆ మాట మర్నాడు చెప్పింది.

వారం రోజులు నోటుబుక్కు తెరవలేదు. నజ్మీ బే మాత్రలు వేసుకునేవాడు, వరండాలో నడిపిస్తే నడిచేవాడు, అడిగినదానికి తలూపేవాడు. రెబెక్కా తన మీద కోపమేమో అనుకుంది. సూపర్‌వైజర్‌కు ఫోను వస్తుంది, డ్యూటీ మారుస్తారు అని ఎదురుచూసింది. రాలేదు. హాస్టల్లో తన గదిలో ఉండే జాయ్సీతో ఆ మాటే అంది.

"నీకెందుకే వాళ్ల గొడవ? అరవై ఏళ్ల కిందటి తుర్కీ మనిషి. మనకేమవుద్ది?" అంది జాయ్సీ.

"ఏమీ అవదు. రాస్తున్నాను కదా, అందుకే అడిగాను."

ఎనిమిదో రోజు ఆయన వేలితో నోటుబుక్కు చూపించాడు.

"రాయి. ఊరికే అన్నానని చెప్పాను. ఊరికే కాదు. ఆ రోజు ఆఫీసులో నేను ఫ్రెంచిలో రాసిన ఉత్తరంలో ఒక తప్పుంది. ఆమె దాన్ని అధికారి ముందు, అందరి ముందు దిద్దింది. మర్యాదగానే దిద్దింది. నాకు సాయంత్రం దాకా చెవులు మండాయి. గదికి వెళ్లి సుఆత్‌తో చెప్పాను. అతను రాస్తాడని తెలుసు. కాగితం నా చేతిలోనే ఉంది. ఆ సంచికకు కాగితం ఆపి ఉండవచ్చు. ఆపలేదు. రాశావా?"

"రాశాను బాబా."

"ఇంకా ఉంది. 1944లో ప్రభుత్వం మారింది. రక్తం లెక్కలు నేరమని అధ్యక్షుడు చెప్పాడు. అదే పత్రికను మా ఆఫీసే మూయించింది. ఆ వ్యాసాల కోసమే వాళ్లను కోర్టులో నిలబెట్టారు. ఆమెను మాత్రం ఎవరూ తిరిగి రమ్మనలేదు. ఆ ఫైలు కూడా నా బల్ల మీదే ఉంది. ఒక్క ఉత్తరం రాస్తే సరిపోయేది."

"ఎందుకు రాయలేదు?"

"గాలి మళ్లీ ఎటు తిరుగుతుందో అని."

ఈ పేజీ చదివాక నెర్మిన్ ఇస్తాంబుల్లో ఉన్న తన పినతల్లి కూతురికి పని అప్పజెప్పింది. పేరు, ఊరు, ఆఫీసు, సంవత్సరం. నాలుగు నెలలకు సమాధానం వచ్చింది. పెరిహాన్ తర్వాత ఏ ఆఫీసులోనూ చేరలేదు. ఇజ్మీర్‌లో తమ్ముడి ఇంట్లో ఉండి పిల్లలకు ఫ్రెంచి పాఠాలు చెప్పేది. పెళ్లి చేసుకోలేదు. 1988లో పోయింది. తమ్ముడి కూతురు ఒకామె బతికే ఉంది. రిటైరైన ఫార్మసిస్టు. ఆమె విలాసం కూడా పంపారు. చివర ఆమె అడిగిన మాట రాశారు: 'మా అత్త ఆ రోజుల గురించి ఎప్పుడూ మాట్లాడలేదు. ఇన్నాళ్లకు అడుగుతున్నది ఎవరు? ఎందుకు?'

ఆ రెండు ప్రశ్నలకు నజ్మీ బే జవాబు రాయించాడు. ఈసారి కొట్టేయించలేదు. తనెవరో, ఏ బల్ల దగ్గర కూర్చునేవాడో, సూపు తాగుతూ ఏమన్నాడో, ఎందుకన్నాడో ఉన్నదున్నట్టు చెప్పాడు. క్షమించమని రాయమంటారా అని రెబెక్కా అడిగితే వద్దన్నాడు. "అడిగితే ఆమె ఏదో ఒకటి చెప్పాలి. ఆ పని ఆమె మీద ఎందుకు పెట్టడం?" నెర్మిన్ దాన్ని తుర్కీలో టైపు చేసింది. సంతకం ఆయనే పెడతానన్నాడు. రెబెక్కా ఆయన మోచెయ్యి పట్టుకుంది, పొద్దుటి మాత్ర పనిచేస్తున్న గంట చూసి. రెండు నిమిషాలు పట్టింది. ఆ సంతకాన్ని ఎవరూ చదవలేరు. అందుకని నెర్మిన్ కింద పేరు టైపు చేసింది. ఉత్తరాన్ని మహబూబ్ వ్యాన్లో తీసుకెళ్లి పోస్టాఫీసులో రిజిస్టరు చేశాడు.

అక్టోబర్, నవంబర్ గడిచాయి. జవాబు రాలేదు. నజ్మీ బే అడగలేదు కానీ గేటు దగ్గర చప్పుడైనప్పుడల్లా తల తిప్పేవాడు. డిసెంబర్‌లో ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. తొమ్మిది రోజులు హాస్పిటల్లో ఉన్నాడు. రెబెక్కా ఆ వార్డులోనే డ్యూటీ వేయించుకుంది. చివరి రెండు రోజులు మాట పూర్తిగా పోయింది. పదో రోజు పొద్దున్న, ఆమె దిండు సర్దుతుండగా ఊపిరి ఆగింది. మధ్యాహ్నానికల్లా జెద్దాలోనే ఖననం అయిపోయింది.

ఏప్రిల్‌లో రెబెక్కాకు దమ్మామ్‌లోని వేరే హాస్పిటల్లో ఉద్యోగం వచ్చింది. కఫీల్, అంటే పూచీ ఉండే యజమాని మారాడు, ఇకామా అనే నివాస కార్డు మారింది, పదకొండేళ్ల కాపురంలో మొదటిసారి థామస్‌తో ఒకే ఇంట్లో ఉండడం మొదలైంది. ఇద్దరికీ అలవాటు లేక మొదటి నెలంతా ఒకరికొకరు అడ్డుపడుతూ తిరిగారు.

జూన్‌లో ఒక మధ్యాహ్నం వార్డు ఫోనుకు నెర్మిన్ ఫోను చేసింది.

"రెబెక్కా, ఇజ్మీర్ నుంచి ఉత్తరం వచ్చింది. నాన్న పేరు మీద."

"ఏం రాశారు మేడమ్?"

"మూడే వాక్యాలు. చదువుతాను విను. 'మీ ఉత్తరం అందింది, పూర్తిగా చదివాను. మా అత్త తరఫున మాట్లాడే హక్కు నాకు లేదు. దయచేసి ఇక రాయకండి.' అంతే."

రెబెక్కా ఫోను ఇంకో చెవికి మార్చుకుంది.

"నాన్న ఉంటే బాధపడేవారేమో" అంది నెర్మిన్.

"ఆవిడ రాసింది సబబే మేడమ్" అంది రెబెక్కా.

"నాకూ అలాగే అనిపించింది. నోటుబుక్కు అచ్చు వేయిద్దామనుకుంటున్నాను. తక్కువ కాపీలు, అంకారాలో. మా పినతల్లి కూతురు పెరిహాన్ సంగతి ఉన్న పేజీ తీసెయ్యమంటోంది. కుటుంబం పరువు పోతుందని."

"మీరేమన్నారు?"

"ఉంచమన్నాను. కానీ ఆమె పేరు మాత్రం తీసేశాను. వాళ్లు రాయొద్దన్నారు కదా. 'ఒక టైపిస్టు' అని పెట్టాను."

రెబెక్కా ఒక్క క్షణం ఆలోచించింది. ఒకసారి అనుమతి లేకుండా అచ్చయిన పేరు అది.

"మంచి పని చేశారు" అంది. ఆరో నంబరు బెడ్డు నుంచి బెల్లు మోగుతోంది. మళ్లీ చేస్తానని చెప్పి ఫోను పెట్టేసి అటు నడిచింది.